ఇంటర్వెల్ దాకా

హంతకుడెవరో ఆఖరిదాకా చెప్పని సినిమా చూసి బయటికొచ్చిన మనిషిని అభిప్రాయం అడిగితే పాపం ఇబ్బందిపడతాడు. పాటలున్న సినిమా అయితే పాట బాగుందనో ఫైటు బాగుందనో అనేసి పోవచ్చు. ఇక్కడ నోటిదాకా వచ్చి ఆగేది హంతకుడి పేరే. అది చెప్పేస్తే రెండో ఆటకు నిలబడినవాడి టికెట్టు డబ్బులు దండగ. 1960లో 'సైకో' విడుదల చేసినప్పుడు హిచ్‌కాక్ ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకు చెప్పాడు, ముగింపు బయటపెట్టొద్దని జనాన్ని కోరాడు. లండన్‌లో 1952లో మొదలైన అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' చివర, ఈ గుట్టు మీలోనే ఉంచుకోండని ప్రేక్షకులను అడగడం ఆనవాయితీ. మర్మం మీద నడిచే కథకు ప్రేక్షకుడు సగం భాగస్వామి. అతను నోరు మూసుకుంటేనే అది బతుకుతుంది, నోరు తెరిచి బాగుందని నలుగురికి చెప్తేనే ఆడుతుంది. పెద్ద హీరో లేని చిన్న సినిమాకైతే ఆ నోటిమాట తప్ప వేరే ఆధారం లేదు.

అలాంటి ఒక చిన్న సినిమా సంగతి ఇది. పేరు రాయను. రాయకపోవడానికి కారణముంది.

తీసినవాడిది పుంగనూరు. పెళ్ళి వీడియోలు తీసేవాడు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో 'సినిమా బండి' చూసి రాత్రంతా నిద్రపోలేదని నాతో చెప్పాడు. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో ఊరివాళ్ళే సినిమా తీసే కథ అది. మన సరిహద్దు ఊళ్ళు, మన బండరాళ్ళు, మన యాస. అవి తెర మీద కనబడొచ్చని, వాటికి వెక్కిరింపు పాత్రలు అక్కర్లేదని అతనికి ధైర్యం వచ్చింది. చంద్రశేఖర్ యేలేటి 'ఐతే' 2003లో వచ్చింది, కొత్త మొహాలతో, చిన్న ఖర్చుతో. దాన్ని అతను ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. పక్క రాష్ట్రంలో పవన్ కుమార్ జనం దగ్గర చందాలు పోగుచేసి 2013లో 'లూసియా' తీసిన సంగతి కూడా అతనికి కంఠతా వచ్చు. ఆ దారిలోనే బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్న స్నేహితుల జీతాల్లోంచి తలా కొంత, నాన్న పేరు మీదున్న ఇంటి స్థలం, తన రెండు కెమెరాలు కలిపి సినిమా మొదలుపెట్టాడు.

కథ ఇంతే. ఊరికి కొత్తగా వచ్చిన కొరియర్ కుర్రాడు బస్టాండు గోడ మీద 'కనబడుటలేదు' అన్న కాగితం చూస్తాడు. పదో తరగతి పిల్ల. తనకేమీ కాని ఆ పిల్ల కోసం ఊరూరా వెతకడం మొదలుపెడతాడు. ఇంటర్వెల్‌కు ఆమె ఎక్కడో బతికే ఉందన్న ఆశ గట్టిపడుతుంది. రెండో సగంలో ఒక పాడుబడ్డ బావి, అందులో ఎముకలు, ఆ తర్వాత హంతకుడు. సినిమా మొత్తంలో ఆ పిల్లను ఎక్కడా నడుస్తూ, మాట్లాడుతూ చూపించలేదు. గోడ మీద ఫోటో ఒక్కటే. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది, ఇప్పటికీ మంచి ఆలోచనే అంటాను.

స్నేహితులు ఓటీటీకి ఇచ్చేయమన్నారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు తీసిన 'గతం' 2020లో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లోకే వచ్చి నలుగురి నోళ్ళలో నానింది గదా అన్నారు. ఇతను ఒప్పుకోలేదు. "ఫోన్లో చూసినోడి మొగం నాకు కనపడదు గదన్నా. హాల్లో చీకట్లో వాళ్ళెట్ల కూసున్నారో నేను చూడాల" అన్నాడు. 2024 ఫిబ్రవరిలో, పరీక్షల కాలం దగ్గరపడి పెద్ద సినిమాలు వెనక్కు తగ్గే రోజుల్లో, మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళలో రోజుకొక్క ఆట, మ్యాట్నీ, అద్దెకు తీసుకున్నాడు. సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్' పిల్లల్ని ఇంకా లాగుతూనే ఉంది. మిగిలిన వాళ్ళు వస్తే చాలనుకున్నాడు.

ఒక పొడుగు నోటుపుస్తకం కొన్నాడు. ఆట వదిలాక గేటు దగ్గర నిలబడి, ఎవరేమన్నా వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలని. తాను దర్శకుణ్ణని చెప్పేవాడు కాదు. చెప్తే మొహమాటానికి పొగుడుతారు.

మదనపల్లెలో మొదట దొరికింది ఇంజనీరింగు విద్యార్థులు. మర్మం సినిమాలను వాళ్ళంత శ్రద్ధగా చూసేవాళ్ళు లేరు. మలయాళం 'దృశ్యం' మొదలు కొరియా సినిమాల దాకా చూసి ఉన్నారు. ప్రతి ఫ్రేములోనూ దర్శకుడు ఏదో దాచిపెట్టాడనే నమ్మకంతో కూర్చుంటారు. బెంగళూరు బస్టాండు దగ్గర టీ అంగట్లో వాళ్ళు చేసిన చర్చ ఆ నోటుపుస్తకంలో నాలుగు పేజీలు పట్టింది.

"సెకండాఫ్ రవంత లాగినాడు."

"లాగితే లాగినాడు, ఆ ఫోటోలో పిల్లకు ఒక చెవికి కమ్మ లేదు, చూసినావా? అది క్లూ అనుకున్నా. ఆఖరిదాకా దాని సంగతే ఎత్తలా. అట్ల వదిలేస్తే ఎట్ల?"

"అది కాదురా, కాయితం చూడు. వానకు తడిసి, ఎండకు పాలిపోయి, నిజంగా గోడ మీద ఏడాది ఉన్నట్టే ఉండాది. పెద్ద సినిమాల్లో కూడా కాయితం పెళపెళలాడతా ఉంటాది."

మూడోవాడు ఫోన్ తీసి ఏదో లెక్క చూసుకుంటూ అన్నాడు. "నాకు వేరే డౌటు. నాలుగు సెకండ్లు క్లోజప్ పెట్టినాడు గదా నంబరు మీద. దానికి తొమ్మిదే అంకెలు. పదోది లేదు."

దర్శకుడు ఇక ఆగలేక తానెవరో చెప్పేశాడు. కమ్మ సంగతి తాను గమనించనే లేదని ఒప్పుకున్నాడు. ఫోటో, కాగితం ఆర్టు పనులు చూసుకున్న పిల్లోడు ఎక్కడో సంపాదించుకొచ్చాడు, సహజంగా ఉందని తాను సంబరపడ్డాడు. నంబరు మాత్రం కావాలనే అలా పెట్టించానన్నాడు. "పది అంకెలు పెడితే అది యాడనో ఒకరి నంబరు అవుతాది. సినిమా చూసినోళ్ళంతా ఫోన్ చేసి వాళ్ళను విసిగిస్తారు. పాపం గదా." కుర్రాళ్ళు ఆ జాగ్రత్తకు ముచ్చటపడి, అతనితో ఫోటో దిగి పోయారు.

నీరుగట్టువారిపల్లె టమోటా మార్కెట్లో మూటలెత్తే ఒక పెద్దాయన చెప్పిన మాట మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోను. హంతకుడెవరో తనకు మొదటి అరగంటలోనే తెలిసిపోయిందన్నాడు. ఎట్లా అని అడిగాం.

"కత యాపొద్దు జరిగినట్టు ఏసినారు? 2023 జూలై అని తెర మీద పడె గదా. ఆ మండీ ఆయప్ప, టమోటా రేటు పడిపోయి అప్పులపాలైనానని ఏడస్తా ఉండాడు. ఆ జూలైలో మా మార్కెట్లో కిలో టమోటా రెండు నూర్ల దగ్గరికి పోయింది. దేశమంతా తెలుసు. అబద్ధం చెప్పేవాడే సంపినోడు. అంతే."

నిజానికి కథ రాసింది అంతకు ముందటి ఏడు. తెర మీద తేదీ వేసింది ఎడిటింగ్‌లో. ఆ పెద్దాయన పట్టుకున్న ఆధారం దర్శకుడికే తెలియదు. బతుకుతెరువులోంచి వచ్చిన అభిప్రాయం ముందు మా సినిమా పరిజ్ఞానం ఎంత! ఆ మాటను అతను నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

ఒక వకీలు గారు కూడా తప్పు పట్టారు. సినిమాలో పోలీసు, పిల్ల కనబడలేదని వచ్చిన తల్లితో ఒక రోజు చూసి రమ్మంటాడు. పిల్లలు తప్పిపోయారని ఎవరు ఫిర్యాదు చేసినా వెంటనే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పిందని, నాలుగు నెలల్లో ఆచూకీ తెలియకపోతే మనుషుల అక్రమ రవాణా మీద పనిచేసే విభాగానికి ఆ కేసు అప్పజెప్పాలని ఆయన ఓపిగ్గా వివరించారు. "నువ్వు తప్పు చూపిస్తే, చూసిన తల్లి ఒకరోజు ఊరికే ఎదురుచూస్తాది బాబూ" అన్నారు. అంత మంచి విమర్శ ఏ పత్రికలోనూ రాదు.

పుంగనూరు సొంత ఊరు కాబట్టి అక్కడ అభిప్రాయాలు అడగాల్సిన పని పడలేదు. హాలు నిండింది. ఆ సంక్రాంతికి ప్రధాని మోదీ తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా తిరిగాయి. ఊరికి ఒక ఊపు వచ్చింది, ఇప్పుడు ఊరి పిల్లోడి సినిమా. ఎవరికి వాళ్ళు తమ వీధి కనబడిందని, తమ్ముడు కనబడ్డాడని చూసుకున్నారు. ఒక అవ్వ అయితే, "మా మనవడు రెండుసార్లు అగపడినాడు, సంపినోడు ఎవురైతే నాకేమి" అంది. రెండో రోజుకే హంతకుడి పేరు వీధి వీధికీ తెలిసిపోయింది. అయినా జనం వచ్చారు. గుట్టు తెలిసి కూడా చూడ్డానికి వచ్చేవాళ్ళుంటారని నాకు అప్పుడే తెలిసింది.

కుప్పం వేరు.

ఆ ఊరికి ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. ఇటు రైలెక్కితే బంగారుపేట, బెంగళూరు. అటు ఎక్కితే జోలార్‌పేట, చెన్నై. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే కూలీలు, ఉద్యోగులు వేలల్లో ఉంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, అంగట్లో తమిళం మాట్లాడి, పనిలో కన్నడం మాట్లాడే మనుషులు. మూడు భాషల సినిమాలూ చూస్తారు. తమిళ 'రాక్షసన్'ను 2018లోనే చూసేసిన వాళ్ళకు, మరుసటి ఏడు తెలుగులో వచ్చిన 'రాక్షసుడు'లో కొత్తేమీ మిగల్లేదు. కన్నడ 'రంగితరంగ' పాటలు ఇక్కడి ఆటోల్లో మోగేవి. ఇలాంటి ఊరివాళ్ళు ఒప్పుకుంటే సినిమా నిలబడినట్టేనని దర్శకుడి నమ్మకం. అందుకే మొదటి రెండు ఊళ్ళూ స్నేహితులకు వదిలేసి, వారం సగంలో కుప్పం వచ్చేశాడు. నేనూ అతని వెంట ఉన్నాను.

నోటుపుస్తకంలో కుప్పం పేజీలు బాగానే నిండాయి. "ఫోటో ఒకటే చూపించి, పిల్లను చూపించకుండా నడిపించినావే, అది సామాన్యం కాదు" అన్నాడొక రైల్వే ఉద్యోగి. గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీ కుర్రాళ్ళు బావి సీను దగ్గర ఈలలు వేశారు, హంతకుడు బయటపడగానే చప్పట్లు కొట్టారు. ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదివే ఒకమ్మాయి, సంగీతం ఎక్కువైందని, ఆ ఫోటో చూపించేటప్పుడన్నా నిశ్శబ్దంగా వదిలేయాల్సిందని అంది. ఆ అమ్మాయి మాట నిజం.

వీటన్నిటి మధ్య గేటు దగ్గరుండే మనిషి ఒక మాట చెప్పాడు. దాంతో దర్శకుడి మొహం మాడిపోయింది.

"ఒకాయమ్మ ఉండాదన్నా. శనివారం మొదులుకోని దినమూ వస్తాంది. ముందర వరసలోనే కూసుంటాది. ఇంటర్వెల్ లైట్లు పడతానే లేచి ఎల్లిపోతాది. మళ్ళా రాదు."

సినిమా నచ్చనివాడు తిడతాడు. తిట్టాడంటే చివరిదాకా కూర్చున్నాడనే అర్థం. ఇంటర్వెల్‌లో లేచిపోయినవాడికి హంతకుడెవరో కూడా అక్కర్లేదు. మర్మం సినిమాకు అంతకు మించిన శిక్ష ఇంకోటి ఉండదు. ఒకరోజు పోతే ఏదో పని పడిందనుకోవచ్చు. రోజూ డబ్బులు పెట్టి టికెట్టు కొని, రోజూ అక్కడే లేచిపోతే?

మరుసటి రోజు ఆమెను చూశాం. నలభై దాటిన మనిషి. వాయిలు చీర, కొంగు నడుముకు బిగించి, వేళ్ళకు పూలకట్టు నార మరకలు. చిన్న బటన్ ఫోను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. చీకట్లో అది అప్పుడప్పుడూ వెలుగుతోంది, ఆమె చూసి మళ్ళీ మూసుకుంటోంది. తెర మీద బస్టాండు గోడ, ఫోటో వచ్చినప్పుడు కొంచెం ముందుకు వంగింది. ఇంటర్వెల్ పడగానే లేచింది. దర్శకుడు పరుగున వెళ్ళి సైకిల్ స్టాండు దగ్గర అడ్డుపడ్డాడు.

"ఏమ్మా, సిన్మా బాగలేదా?"

"బాగుండాది నాయనా" అని పక్కకు తప్పుకుని నడిచిపోయింది.

ఆ రాత్రి లాడ్జిలో అతను అన్నం తినలేదు. లాప్‌టాప్ తెరిచి రెండో సగాన్ని ముక్కలు ముక్కలుగా చూశాడు. మార్కెట్ దగ్గర వెంటాడే సీను తగ్గిద్దామా, కొరియర్ కుర్రాడి గతం తీసేద్దామా, బావి దాకా ఇంకా తొందరగా పోదామా అని నన్ను లేపి లేపి అడిగాడు. ఆమె చేతిలో ఫోను చూశావు గదా, ఎవరిదో ఫోను వస్తుంది, వాళ్ళ కోసం పోతోందేమో అన్నాను. పూలంగడి ఏమో, సాయంత్రం బేరం వేళకు పోవాలేమో అన్నాను. అతను పొద్దున్నే పోయి విచారించుకొచ్చాడు. సాయంత్రం బేరం ఐదు దాటాక గానీ మొదలవ్వదట. ఇంటర్వెల్ పడేది నాలుగు లోపలే. "చూడన్నా, ఆయమ్మకు టైముండాది. నా సిన్మానే సాల్లేదు" అన్నాడు. మూడు ఊళ్ళలో వందమంది చెప్పిన మంచిమాట ఆ ఒక్క మనిషి లేచిపోవడం ముందు అతనికి కనబడలేదు. నిజాయితీగా పనిచేసేవాడికి అలాగే ఉంటుంది. అతని మీద నాకు గౌరవం పెరిగింది కూడా అప్పుడే.

గురువారం ఆఖరి ఆట. శుక్రవారం నుంచి ఆ తెర వేరే సినిమాది. ఇంటర్వెల్‌కు ఆమె లేచి పోయింది. మేమూ వెనకే పోయాం. బస్టాండుకు దగ్గర్లో చెట్టు కింద గోనెపట్టా పరిచి, కనకాంబరాలు ముందేసుకుని కూర్చుంది. ఫోను తొడ పక్కన పెట్టుకుంది. దర్శకుడు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఆ సిన్మా తీసినోణ్ణి నేనే. దినమూ ఇంటర్వెల్‌కే పోతాండావంట. యాడ బాగలేదో చెప్పమ్మా. తిట్టినా సరే. ఇంగో సిన్మా తీసేటప్పుడు దిద్దుకుంటా."

ఆమె చేతిలో పూలదారం జారిపోయింది. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వేనా నాయనా! గేటు కాడ అడిగితే నువ్వు ఈ ఊర్లో లేవనిరి. దణ్ణం పెట్టుకుందామని ఎన్ని దినాలుగానో చూస్తాండా."

దర్శకుడు నా వైపు చూశాడు.

"బాగలేకేమి నాయనా. శుక్రవారం ఆఖరిదాకా చూస్తి. బావిలోంచి ఎత్తేది చూసి ఆ రాత్రి అన్నం దిగలా నాకు. నీకు కత నడవాల గదా, అందుకు పెట్టినావు, తప్పు పట్టను. ఇంటర్వెల్ దాకా అయితే పిల్ల బతికే ఉంటాది. ఆడికి లేచి వచ్చేస్తా."

"సిన్మా గదమ్మా అది" అన్నాడు అతను, ఆమెను ఊరడించబోతూ.

"కత సిన్మాదే నాయనా. పిల్ల నాది."

గోనెపట్టా కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడతపెట్టిన కాగితాలు రెండు మూడు మిగిలి ఉన్నాయి. విప్పి చూపించింది. కనబడుటలేదు. అదే ఫోటో. ఒక చెవికి కమ్మ ఉంది, ఒక చెవికి లేదు. కింద ఫోన్ నంబరు, పది అంకెలు. వాటి మీద నుంచి దర్శకుడి చూపు కదల్లేదు.

పూలమార్కెట్లో ఎవరో, మీ పిల్ల సినిమాలో అగపడిందని చెప్తే పరిగెత్తుకుంటూ వచ్చిందట శుక్రవారం.

"హాల్లో పిలకాయలు అంటాంటే వింటి, ఆ కమ్మ ఏమైందో చెప్పలేదని. పది పరీచ్చకు ఫోటో కావాలంటే స్టూడియోకు పోయింది నాయనా. వచ్చేటప్పటికి ఒక చెవి బోడిగా ఉండాది. బంగారు కమ్మ. అప్పుచేసి చేయించింటి. కొడితి. ఆపొద్దు సాయంత్రం పోయిన పిల్ల. ఏ రైలెక్కిందో, ఇటు పోయిందో అటు పోయిందో. కేసు కట్టినారు, వాళ్ళూ తిరిగినారు. మూడో దినం పూలబుట్ట దులిపితే కమ్మ అందులోనే ఉండాది."

దర్శకుడు ఏదో అనబోయాడు. మాట రాలేదు. ఆమె అతని భుజం తట్టింది. కన్నీళ్ళు పెట్టుకున్నది ఆమె కాదు, అతను.

"ఏడవద్దు నాయనా, మేలు చేసినావు నువ్వు. ఎన్నో కాయితాలు అచ్చేయించి అంటిస్తి. వానకు కొన్ని పాయె, ఓట్ల పోస్టర్ల కింద కొన్ని పాయె. బస్టాండు గోడ మీద ఒగటి మిగిలింటే, అదీ ఒక తెల్లారికి లేకుండా పాయె. ఎంత ఏడిస్తినో. నువ్వు తీసకపోయి ఇంత పెద్ద తెర మీద ఏస్తావని నాకేం తెలుసు! గోడ మీదుంటే ఎవురు నిలబడి చూస్తారు? ఇప్పుడైతే ఊరూరా చూస్తారు. ఆపొద్దు నాయనా, ఇంగా ఆడించు, బెంగళూరులో ఏయి, మద్రాసులో ఏయి. నాకు సదువు రాదు గానీ, అడుగున నంబరు ఎంత పెద్దగా, ఎంతసేపు నిలబెట్టి చూపిస్తివో చూసినా. అందుకే హాల్లో ఫోను చేతిలోనే పెట్టుకోని కూసుంటా. ఈ పొద్దు కాకపోతే రేపు, ఎవురో ఒగరు గుర్తుపట్టి ఆ నంబరుకు చేస్తారులే."